తలుపు బయట మేకు

సాంబ్రాణి వాసన తగిలితే అందరికీ దేవుడు గుర్తొస్తాడు. నాకు ఎలుకలు గుర్తొస్తాయి. మొన్న దసరాకు ముందురోజు ముత్తంగి కూడలిలో నేనెక్కిన ఆటో కదలకుండా నిలిచిపోయింది. రింగు రోడ్డు దిగిన లారీలన్నీ వరసగా ఆగి పూజలు చేయించుకుంటున్నాయి. బానెట్ల మీద పసుపు, చక్రాల కింద నిమ్మకాయలు, రోడ్డు మధ్యన పగిలిన బూడిద గుమ్మడికాయల్లోంచి కారుతున్న కుంకుమ నీళ్ళు. ఒక క్లీనరు ఇనుప పళ్ళెంలో నిప్పులు పోసుకుని, వాటి మీద గుప్పెడు సాంబ్రాణి చల్లి, తన లారీ చుట్టూ తిరిగాడు. ఆ పొగా, పటాన్‌చెరు గాలిలో ఎప్పుడూ ఉండే మందుల ఫ్యాక్టరీల పులిసిన తీపి వాసనా కలిసి ఆటోలోకి వచ్చాయి. డ్రైవరు కళ్ళు మూసుకుని చెంపలు వేసుకున్నాడు. నేను ముక్కు మూసుకోలేదు, నిండా పీల్చాను. ఆ రెండు వాసనలూ కలిసిన చోటే, నాకు ఆలోచించడం నేర్పిన మనిషి ఓడిపోయింది. ఆమె పేరు కామేశ్వరి. మీలో ఎవరూ ఆమె పేరు విని ఉండరు. వినకుండా ఉండడానికి ఏమేం చేయాలో అన్నీ చేశారు కాబట్టి, ఇప్పుడు నేను చెబుతున్నాను.

నేను యూనివర్సిటీలో చదివింది జంతువుల ప్రవర్తన. మా నాన్నకు సంగారెడ్డి గంజ్‌లో పప్పుల దుకాణం ఉండేది. గల్లాపెట్టె పైన వినాయకుడి పటం, ఆ పటంలో ఎలుకకు కుంకుమ బొట్టు. గల్లాపెట్టె కింద అదే ఎలుకకు ఇనుప బోను. ఈ రెండింటి మధ్య కూర్చుని మా నాన్న ఏనాడూ ఇబ్బంది పడలేదు. నా చదువు సంగతి చెప్పినప్పుడు మాత్రం పడ్డాడు. "మన దుకాన్ల ఇన్ని ఎలుకలున్నయి, వాటి ముచ్చట నేను చెప్పనా బిడ్డా? బస్తా కొరుకుతయి, బోన్ల పడ్తయి. అయిపాయె. గింతదానికి యూనివర్సిటీ ఎందుకు?" అన్నాడు. నేను ఆయనతో వాదించాను. అప్పటికే వాదించడం నాకు అలవాటు. ఇంటర్ నుంచే ఆదివారం ఆదివారం ఒక హేతువాద సంఘం సమావేశాలకు వెళ్ళేదాన్ని. వేదిక మీద నిలబడి జాతకాలనూ వాస్తునూ దుమ్మెత్తిపోసేదాన్ని. చప్పట్లు పడేవి. చప్పట్లు పడితే మాట నిజమైపోయినట్టే అనుకునే వయసు.

మా చదువులో చివరి భాగం ఎక్కడైనా పనిచేస్తూ నేర్చుకోవడం. కొందరు జంతుప్రదర్శనశాలకు వెళ్ళారు, కొందరు కోళ్ళ ఫారాలకు వెళ్ళారు. నాకు పటాన్‌చెరులో ఒక ప్రైవేటు ప్రయోగశాల దొరికింది. మందుల కంపెనీలు కొత్తగా తయారుచేసిన మందులను అక్కడ జంతువుల మీద పరీక్షిస్తారు. అందులో ఎలుకల ప్రవర్తన చూసే విభాగం ఒకటి ఉంది. దాని పెద్ద కామేశ్వరి మేడం. నేను వెళ్ళేసరికి ఆమె ఆ విభాగం తలుపు ముందు నిలబడి ఉంది. నుదుట పెద్ద కుంకుమ బొట్టు, ముక్కుపుడక, చేతికి ఏదో ఎర్ర తోరం, జడలో కనకాంబరాలు. ఈమెనా నాకు సైన్సు నేర్పేది అనుకున్నాను. నేను చూస్తుండగానే ఆమె జడలోంచి పూలదండ తీసి, తలుపు పక్కన గోడకు కొట్టిన మేకుకు తగిలించింది. అప్పుడు నా వైపు తిరిగి, పేరైనా అడగకుండా, "తలకు ఏం రాసుకున్నావమ్మాయ్?" అంది.

"కొబ్బరి నూనె, మేడం."

"రేపటి నుంచి వద్దు. పౌడరూ వద్దు. ఈ పూట నువ్వు బయటే. వాటికి కళ్ళు అంతంత మాత్రం. లోకమంతా వాటికి ముక్కే. నువ్వు లోపలికి అడుగు పెడితే నీకంటే ముందు నీ కొబ్బరి నూనె వెళ్ళి మాట్లాడుతుంది."

ఆమె వాళ్ళది కృష్ణా జిల్లా. తండ్రి ఇక్కడి ప్రభుత్వ రంగ కర్మాగారంలో ఫిట్టరుగా ఉద్యోగం దొరికి వచ్చాడు. ఆమె కంపెనీ క్వార్టర్లలోనే పెరిగింది, ఇక్కడే చదివింది, పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకుంది. ఇన్నేళ్ళున్నా వాళ్ళ వైపు మాట పోలేదు. మా వైపు మాట వింటే మాత్రం ఆమెకు సరదా. అక్కడ ఎలుకల బోనులు కడిగి దాణా వేసే యాదయ్య, "మేడం, ఇయ్యాల గీ నల్ల మచ్చది తింటలేదు, పరేషాన్ల ఉన్నది" అంటే, "పరేషానని నీకు చెప్పిందా?" అని అడిగేది. యాదయ్య నవ్వేవాడు. "చెప్పలే మేడం. తింటలేదు, గంతే." "ఆ గంతేనే నాకు కావాలి" అనేది ఆమె.

మొదటి పాఠం నాకూ అదే. మూత లేని పెద్ద పెట్టె ఒకటి ఉండేది. ఎలుకను అందులో వదిలి కాసేపు చూడాలి. బెదురున్న ఎలుక గోడ పట్టుకుని, మూలల్లో ఉంటుంది. బెదురు తగ్గిన ఎలుక నడిమికి వస్తుంది, నిలబడి వాసన చూస్తుంది, తిరుగుతుంది. ఆందోళన తగ్గించే మందుల పరీక్షకు ఆ పెట్టె పనికొస్తుంది. మొదటిసారి చూసి నేను "ఎలుక చాలా భయపడింది" అని రాశాను. ఆమె దాన్ని కొట్టేసింది. "భయం నీది. నువ్వు దానికి అంటగట్టావు. అది ఏం చేసిందో చెప్పు" అంది. మూలకు వెళ్ళింది, కదల్లేదు, పెంటికలు వేసింది అన్నాను. "అది రాయి. చూసింది ముందు, అనుకున్నది తరువాత. రెండూ ఒకే వాక్యంలో పెట్టావా, ఆ వాక్యం ఇక అబద్ధమే." వేదికల మీద నేను మాట్లాడిన మాటల్లో ఈ రెండూ విడివిడిగా ఉన్న వాక్యం ఒక్కటైనా ఉందా అని ఆ సాయంత్రం బస్సులో వెతుక్కున్నాను. దొరకలేదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఇంత సైన్సు తెలిసి మీరు పూజలెట్ల చేస్తరు మేడం?" ఆమె కోపగించుకోలేదు. టీ కప్పు కింద పెట్టి, "చేస్తాను. రోజూ చేస్తాను. కానీ పరీక్షలున్న రోజుల్లో మా ఇంట్లో దీపమే, ధూపం ఉండదు. బట్టలకు పట్టుకుంటుంది కదా. దేవుడికి చెబితే అర్థమవుతుంది. ఎలుకకు చెప్పలేను" అంది. పూలు మేకుకు తగిలించడం, ధూపం మానుకోవడం ఆమెకు పెద్ద త్యాగాలు కావు. వంటింట్లోకి చెప్పులతో వెళ్ళకపోవడం లాంటివి. ఎక్కడ ఏది బయట విడవాలో ఆమెకు తెలుసు. మా సంఘంలో ఆ ఒక్క సంగతి ఎవరూ నేర్పలేదు.

ఆ ఏడు దసరాకు ముందు అక్కడికి కొత్త జనరల్ మేనేజరు వచ్చాడు. ఆయన రావడానికి ముందు వరసగా కొన్ని పనులు చెడ్డాయట. అందుకని ఆయుధపూజ ఈసారి ఘనంగా జరగాలన్నాడు. పటాన్‌చెరు చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీలోనైనా నవమి నాడు పూజ ఉంటుంది. లేత్ మిషన్లకు బొట్లు పెడతారు, బాయిలర్లకు దండలు వేస్తారు, గుమ్మడికాయ కొడతారు. మా దగ్గరా ఏటా చేసేవారు. అయితే మేడం ఉన్నన్నాళ్ళూ ఎలుకల గది తలుపు బయటే ఒక బొట్టు పెట్టి, లోపలికి పోనిచ్చేది కాదు. ఆ నవమికి, దశమికి ఆమె సెలవు పెట్టింది. ఎందుకంటే, ఇంట్లో పూజ చేసుకోవడానికి. ఆ మాట గుర్తుపెట్టుకోండి. దేవుడికి శత్రువని తరువాత ఆమె మీద ముద్ర వేశారు.

నవమి నాడు పొద్దున పంతులు గంట మోగిస్తూ, వెనక ఒకతను డోలు కొడుతూ, మరొకతను పళ్ళెంలో నిప్పులతో ప్రతి గదికీ తిరిగారు. ఎలుకల గదికీ వచ్చారు. మేడం కింద పనిచేసే ప్రభాకర్ సారుకు డాక్టరేటు ఉంది. ఆయనే తన కార్డు పెట్టి తలుపు తీశాడు. నేను అడ్డం నిలబడి, "మేడం వద్దన్నరు సార్" అన్నాను. "పండుగ పూట నీ పంచాయితీ ఏంది శ్రీలతా? రెండు నిమిషాలు గంతే" అన్నాడు. రెండు నిమిషాలు కాలేదు. గది నిండా పొగ కమ్ముకుంది. ప్రతి బోనుకూ కుంకుమ పెట్టారు. పెట్టె అంచుల మీద పసుపు రాశారు. ఎలుకలు బోనుల్లో వెనక్కి వెళ్ళి, పొట్టులో మూతులు దూర్చి, ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. కొన్ని తుమ్మాయి. నేను చూసింది ఇదే. ఏమనుకున్నానో ఇక్కడ రాయడం లేదు.

అప్పుడక్కడ ఆందోళన తగ్గించే ఒక కొత్త మందు పరీక్ష జరుగుతోంది. సగం ఎలుకలకు మందు, సగానికి ఉత్త నీళ్ళు. రెండు రకాలనూ పెట్టెలో వదిలి, తేడా చూడాలి. ప్రతిరోజూ రెండు రకాలనూ కలిపే చూడాలని మేడం నియమం. ఒక రోజుకు ఏదైనా దోషం వస్తే అది రెంటికీ సమానంగా తగలాలి కదా. మందు కలపడానికి చాలాసేపు పడుతుంది, తూచాలి, కరిగించాలి. నీళ్ళకు కలపడానికి ఏముంది? నవమి కాబట్టి అందరికీ జల్దీ ఇంటికి పోవాలని ఉంది. "ఇయ్యాల నీళ్ళవన్నీ చేసేద్దం. మందువి పండుగ తర్వాత" అన్నాడు ప్రభాకర్ సారు. రెండు రకాలూ కలిపే చేయాలి గద సార్ అన్నాను. "ఎలుకలకు దసరా లేదు గని మనకున్నది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ మధ్యాహ్నం ఇంకా పొగ వాసన విడవని గదిలో, పసుపు రాసిన పెట్టెలో, నీళ్ళు తాగిన ఎలుకలన్నీ మూలలు పట్టుకుని బిగుసుకుపోయాయి. పండుగ వెళ్ళాక, గది కడిగి, వాసన పోయాక మందు తాగిన ఎలుకల వంతు వచ్చింది. అవి నడిమికి వచ్చి హాయిగా తిరిగాయి.

లెక్క కట్టి చూస్తే మందు అద్భుతం. ప్రభాకర్ సారు స్వీట్లు తెప్పించాడు. మేడం సెలవు నుంచి వచ్చాక ఫలితం చూసి నవ్వలేదు. "ఇంత తేడా ఏ మందుకూ రాదు. నేను లేనప్పుడు ఏం జరిగింది?" అని నన్ను అడిగింది. చూసింది చూసినట్టు చెప్పాను. ఆమె లేచి గదిలోకి వెళ్ళి, ఒక బోను అడుగున ఇంకా మిగిలిన కుంకుమ వేలితో తీసి చూసింది. అలవాటు కొద్దీ ఆ వేలు నుదుటి దాకా వెళ్ళి ఆగింది. కొంగుకు తుడుచుకుంది. "మళ్ళీ మొదటి నుంచి చేయాలి" అంది.

అదొక్కటే ఆమె అడిగింది. ఎవరినీ శిక్షించమని అడగలేదు. పూజ ఆపమనీ అడగలేదు. కొత్త ఎలుకలతో ఆ పరీక్ష మళ్ళీ చేయాలి, అప్పటిదాకా నివేదిక మీద తన సంతకం ఉండదు. అంతే. మందు తయారుచేసిన కంపెనీవాళ్ళు ఆ నివేదిక కోసం కూర్చుని ఉన్నారు. జనరల్ మేనేజరు మా అందరినీ పిలిచాడు. మూలన ఒక కుర్చీలో నేనూ ఉన్నాను, చూసినదాన్ని కాబట్టి.

"పూజ చేశాం. ఫలితం వచ్చింది. ఇంకేం కావాలి మేడం?" అన్నాడు ఆయన.

"నేనూ అదే అంటున్నాను సార్. ఫలితం పూజ వల్లే వచ్చింది. మందు వల్ల కాదు."

ప్రభాకర్ సారు దగ్గాడు. మేనేజరుకు ఆ మాట ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక మొహం ఎర్రబడింది. "మీకు పూజంటే ఎందుకంత మంట?"

"మంట లేదు సార్. పొగతోనే నా తగువు."

"పొగతో ఎలుకలకు ఏమవుతుంది? మనింట్లో రోజూ వేస్తాం, మన పిల్లలు మూలలు పట్టుకున్నారా?"

"సరే, చూద్దాం. ఏ పరీక్షలోనూ లేని నాలుగు ఎలుకలను ఇవ్వండి, ఒక ఖాళీ గది ఇవ్వండి" అంది ఆమె. ఆయన తలూపాడు. ఏమీ తేలదనే నమ్మకంతో ఊపాడనుకుంటాను. చూసింది మాత్రం, ఊపడం.

భవనం చివర ఒక ఖాళీ గదిలో ఆ పని చేశాం. నిప్పుల పళ్ళెం పట్టుకుని యాదయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఎలుకలకు ధూపమేంది మేడం, పాపం తగుల్తది" అన్నాడు. "ఎలుక ఎవరి వాహనం యాదయ్యా?" "వినాయకునిది." "మరి దసరాకు లారీలకు వేస్తారుగా. ఈయన బండికి వేస్తే పాపమా?" యాదయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే పళ్ళెం లోపల పెట్టాడు. పొగ పట్టిన ఎలుకలు మందు లేకుండానే మూల పట్టాయి. పొగ పట్టనివి మందు లేకుండానే తిరిగాయి. ఇంతకంటే తేటగా ఏ ఎలుకా చెప్పలేదు. ఆ రోజు సాయంత్రం మేడం మేకు మీది పూలు తీసుకుని జడలో పెట్టుకుంటూ, "ఇక ఎవరూ కాదనలేరు" అంది. ఎలుకల గురించి ఆమెకు తెలియనిది లేదు. మనుషుల గురించి ఆమె చేసిన పెద్ద పొరపాటు ఆ వాక్యం. ఆమె నేర్పిన పాఠాన్నే ఆమెకు వల్లించి చెప్పాల్సింది: చూసింది ముందు, అనుకున్నది తరువాత.

యాదయ్య ఆ నవ్వులాట మాట క్యాంటీన్‌లో చెప్పాడు. చెడు తలపుతో కాదు. మంచి ముచ్చట కాబట్టి చెప్పాడు. అది ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పోయేసరికి, "మేడం ఎలుకలకు హారతిచ్చి దేవుణ్ణి ఎక్కిరించిందట" అయింది. రెండో షిఫ్టుకు "వినాయకుణ్ణి లారీ డ్రైవరన్నదట" అయింది. గేటు పక్కన చిన్న గుడి ఉంది, దానికొక కమిటీ ఉంది. కమిటీవాళ్ళు మేనేజరు దగ్గరికి వెళ్ళారు. ఆయనకు కావలసింది దొరికింది. అప్పటిదాకా అది ఎలుకల సంగతి. శాస్త్రం తెలిసిన మనిషికి జవాబు చెప్పాలి. ఇప్పుడది మనోభావాల సంగతి. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. ఈ దేశంలో ఒక నిజాన్ని చంపాలంటే దాన్ని కాదనే పని లేదు, దాని వల్ల ఎవరో నొచ్చుకున్నారంటే చాలు.

ఆమెను పాత కాగితాల గదికి మార్చారు. ఎలుకల విభాగం తలుపు ఆమె కార్డుకు తెరుచుకోవడం మానేసింది. నివేదిక మీద ప్రభాకర్ సారు సంతకం పెట్టాడు. కోపంగా కాదు, జాలిగా పెట్టాడు. "మేడం జెర పట్టు విడిస్తే అయిపోవు" అని నాతో అన్నాడు కూడా. మేడం కొన్నాళ్ళు ఆ కాగితాల మధ్య కూర్చుని రాజీనామా ఇచ్చింది. యూనివర్సిటీకి నేనివ్వాల్సిన నివేదిక సంగతి వేరే. నేను చేసిన పని రాస్తూ నవమి నాటి సంగతి కూడా రాశాను. యూనివర్సిటీలో మా ప్రొఫెసరు దాన్ని చదివి, "ఈ పేరా తీసెయ్. పని నేర్పడానికి మనవాళ్ళను రానిచ్చే కంపెనీలే తక్కువ. నీ తర్వాత వచ్చేటోళ్ళకు తలుపు మూసుకుపోతది" అన్నాడు. నేను తీయలేదు. అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. ఏ ప్రయోగశాలా తరువాత నన్ను పిలవలేదు. నేను వ్యాసాలు రాసుకుని బతకడం వెనక ఉన్న ఘనత ఇంతే.

అయితే నా చేదు అంతా ఆ ప్రయోగశాల మీదే కాదు. మా వాళ్ళ మీద కూడా. నేను సంఘానికి పరుగెత్తాను. సంఘం పెద్దాయన నా మాట విని ఉప్పొంగిపోయాడు. "ధూపాన్ని ధిక్కరించిన శాస్త్రవేత్త. ఇదే మనకు కావాల్సింది. వచ్చే సభల సన్మానం పెడదాం, పత్రికలోళ్ళను పిలుద్దాం" అన్నాడు. ఒక శుక్రవారం పొద్దున ఆయన్నీ, ఇంకో ఇద్దరు సభ్యులనూ వెంటబెట్టుకుని పోతిరెడ్డిపల్లిలో మేడం ఇంటికి వెళ్ళాను. ఆమె తలుపు తీసింది. తడి జుట్టుకు తువ్వాలు, నుదుట కుంకుమ, కాళ్ళకు పసుపు. ఆమె వెనక, పూజ గదిలోంచి ముందు గదిలోకి, తెరలు తెరలుగా సాంబ్రాణి పొగ.

మావాళ్ళు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను ఆ పొగ వంక చూశాను. పరీక్షలున్న రోజుల్లో మా ఇంట్లో ధూపం ఉండదని ఆమె చెప్పిన మాట గుర్తొచ్చింది. ఇక ఆమెకు పరీక్షలున్న రోజు అంటూ లేదు. నేను చూస్తున్నానని గమనించి ఆమే అంది: "ఇక అడ్డేముందమ్మాయ్? రోజూ వేసుకోవచ్చు." అంత నెమ్మదిగా అన్న మాటకు అంత బరువుండడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

పెద్దాయన కుర్చీ అంచున కూర్చున్నాడు. ఇచ్చిన కాఫీ ముట్టలేదు. "అమ్మా, మీరు ఇంకా ఇవన్నీ నమ్ముతరా?" అన్నాడు.

"నమ్ముతానండి."

"మరి అక్కడ వద్దంటిరి గద?"

"అక్కడ నా నమ్మకానికి పని లేదు. ఎలుకలకు పని ఉంది."

"వేదిక మీద ఒక్క మాట చెప్పగలరా? ఇగ ఇవన్నీ వదిలేస్తున్న అని?"

ఆమె కాసేపు ఆయన్ని చూసింది, ఆ పెట్టె పక్కన నిలబడి చూసినట్టే. "నా ఎలుకల మాట నిజమో కాదో తేల్చుకోవడానికి వచ్చారా, నేను ఏ పార్టీనో తేల్చుకోవడానికి వచ్చారా?" అంది. "మేనేజరు గారూ ఇదే అడిగారు. ఆయన వేరే వైపు నుంచి అడిగారు."

తిరుగుదారిలో కారెక్కాక పెద్దాయన అన్నాడు: "గీమెను మనం స్టేజి మీద ఎట్ల నిలబెడ్తమమ్మా? నవ్విపోతరు." మిగిలిన ఇద్దరూ అవునవునన్నారు. ఆ తరువాత ఆ సంఘం ఆమె పేరెత్తలేదు. అటు కాలనీలో శుక్రవారం ఆడవాళ్ళు కలిసి చేసుకునే పారాయణానికి ఆమెను పిలవడం మానేశారు. అందులో ఆమె ఏళ్ళ తరబడి ముందు వరస మనిషి. ఆస్తికులకు ఆమె నాస్తికురాలు, నాస్తికులకు ఆస్తికురాలు. ఆమె చూసిన నిజం మాత్రం ఇద్దరికీ అక్కర్లేకపోయింది. నేను ఆ ఏడే సంఘానికి రాజీనామా చేశాను. నమ్మకం మారి కాదు. దేవుడు లేడనే ఇప్పటికీ అనుకుంటాను. చూశానని మాత్రం అనను.

తరువాత ఆమె సంగారెడ్డిలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పింది. పిల్లలకు ఎంట్రన్సులో వచ్చే ప్రశ్నలు కావాలి, ఎలుక మూల ఎందుకు పట్టిందో అక్కర్లేదు. రెండు మూడుసార్లు వెళ్ళి కలిశాను. పాత సంగతి ఆమె ఎప్పుడూ తీయలేదు. నేను తీస్తే, "నేను మళ్ళీ చేయమన్నాను. వాళ్ళు చేయలేదు. అక్కడికి అయిపోయింది" అనేది. అక్కడికి అయిపోలేదని ఆమె చేతులు చెప్పేవి. కాలేజీ స్టాఫ్‌రూము తలుపు దగ్గర ఆమె చేయి జడ దాకా వెళ్ళి, పనేమీ లేక దిగిపోవడం చూశాను.

నిరుడు ఆమె గుండె ఆగి చనిపోయింది. నేను వెళ్ళేసరికి ముందు గదిలో అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. తల దగ్గర అగరుబత్తుల కట్ట కాలుతోంది. పారాయణం ఆడవాళ్ళందరూ వచ్చి ఏడుస్తున్నారు. ప్రభాకర్ సారు కూడా వచ్చాడు. ఇప్పుడు ఆయనే ఆ విభాగానికి పెద్ద. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి బయట షామియానా కిందికి తీసుకెళ్ళాడు.

"మేడమసొంటోళ్ళు ఇగ పుట్టరు శ్రీలతా" అన్నాడు.

"ఆ మందు ఏమైంది సార్?"

ఆయన చెప్పులతో మట్టిని కాసేపు గీరాడు. "ఆగిపోయింది. వేరే ల్యాబ్‌ల చేస్తే మనకొచ్చినట్టు రాలే."

"సాంబ్రాణి వేసి చూడాల్సింది."

ఆయన నవ్వలేదు, కోపగించుకోలేదు. నన్ను ఓదార్చాలనుకున్నాడు కాబోలు, "మేడం మేకు ఇంకా అట్లనే ఉన్నది తెల్సా? పెయింటు వేసినప్పుడు గూడ పీకనియ్యలే నేను. పూజ నాడు దానికే నిమ్మకాయలు, మిరపకాయలు కడుతున్నం. మేడం గుర్తు అని" అన్నాడు. నిజంగా గౌరవంతోనే అన్నాడు.

ముత్తంగిలో ఆ పూట లారీలు కదలడానికి చాలాసేపు పట్టింది. డ్రైవరు కళ్ళు తెరిచి, "ఏమనుకోకు అక్కా, పండుగ గద" అన్నాడు. ఏమనుకోలేదన్నాను. ఇంటికొచ్చి బట్టలు మార్చుకున్నా వాసన పోలేదు, తలకు పట్టింది. నా రాతబల్ల ఉన్న గది తలుపు బయట గోడకు ఒక మేకు ఉంది. నేను పూలు పెట్టుకోను, తోరాలు కట్టుకోను, ధూపం వేయను. వచ్చినవాళ్ళు, "ఊరికే ఎందుకు ఆ మేకు, క్యాలెండరన్నా తగిలించుకో" అంటారు. లోపలికి వెళ్ళేముందు నేను బయట విడవాల్సింది ఆమె విడిచినంత అందమైనది కాదు. నేనే గెలవాలన్న పంతం, వేదికల మీద నేర్చిన కోపం, ఎదుటివాడు మూర్ఖుడన్న తీర్పు. రోజూ ఆ మేకు ముందు ఒక్క క్షణం ఆగుతాను. కొన్ని రోజులు అవి అక్కడ వేలాడుతూ ఉంటాయి, నేను కాస్త ఖాళీ చేతులతో వెళ్ళి కూర్చుంటాను. ఆ రోజుల్లో రాసినవి నాలుగు కాలాలు నిలబడతాయి.

ఇది రాయడానికి కూర్చున్న ఈ పూట కూడా ఆగాను. కోపాన్ని తీసి తగిలించాను. అది నాకంటే ముందే లోపలికి వచ్చి కూర్చుంది.